అయిదో ఎలుక

పటమట, విజయవాడ
జూన్ 14

అక్కా,

పెట్టె మూత తీయగానే ముందు కీర్తన ఇన్సులిన్ సీసాలు ఫ్రిజ్‌లో పెట్టు. తర్వాత కూర్చుని ఇది చదువు. ఉత్తరం కనిపిస్తే చేతిలో ఉన్న పని మర్చిపోయే మనిషివి నువ్వు. మూడు సీసాలున్నాయి, నెలకి సరిపోతాయి.

నువ్వు అడిగినట్టే ఫోనులో ఈ మాట ఎత్తను. మీ ఇంట్లో ఫోనంటే స్పీకరు పెట్టి అత్తగారి పక్కన కూర్చుని మాట్లాడేది. వాట్సాప్ పెడదామంటే అది తెరిచేది కీర్తన. కాబట్టి ఈ మందు పెట్టె అడుగునే మన పోస్టాఫీసు. నువ్వు ఖాళీ పెట్టెలో జవాబు పెట్టి పెడన నుంచి బస్సెక్కిస్తే నేను బస్టాండుకి వెళ్ళి తీసుకుంటాను.

నిన్న ఇక్కడ తీసిన సిద్ధు రక్తం, కీర్తనకి వచ్చిన షుగరు వాడికీ వస్తుందేమో చూసే పరీక్షకి వెళ్ళింది. మూడు వారాలు పడుతుందన్నారు. రిపోర్టు నా ఫోనుకే వస్తుంది. చేతి మీద ప్లాస్టరు చూసి బావ అడిగితే దోమ కుట్టిందని చెప్పమని వాడికి నేర్పాను. "అంత పెద్ద దోమా మావయ్యా?" అన్నాడు. ఆరేళ్ళవాడికి ఉన్న తెలివి మనిద్దరికీ లేదు.

నా ఎలుకల గురించి రాయమన్నావు కదా. మా గదిలో రెండు జాతులున్నాయి. రెండూ తెల్లవే, పక్కపక్కన పెడితే నాకే తేడా తెలియదు, పెట్టె మీద కార్డు చూసి చెప్పాల్సిందే. మొదటి జాతికి కీర్తనకి వచ్చిన షుగరే వస్తుంది. తిండి వల్ల వచ్చేది కాదు. ఒంట్లో కాపలా కాయాల్సిన కణాలే ఇన్సులిన్ చేసే కణాలని చంపేస్తాయి. ఆడ ఎలుకల్లో అయితే ముప్పై వారాలు తిరిగేసరికి అయిదింటిలో నాలుగింటికి వచ్చేస్తుంది. రెండో జాతి వాటికి దగ్గర చుట్టమే, కానీ దానికి రాదు. ఎన్నో ఏళ్ళ కిందట వేరే దేశంలో ఎవరో ఎలుకలు పెంచుతుంటే పొరపాటున వేరే జాతి కలిసిపోయి ఇది పుట్టింది. ఆ పొరపాటులో ఏ జన్యువు వచ్చి వీటిని కాపాడుతోందో కనిపెట్టడమే మా ఛాయాదేవి మేడమ్ పని. ఎలుకని తోక పట్టి ఎత్తి, పొట్ట మీద మెల్లిగా నొక్కి, ఉచ్చ పోయించి రంగు కాగితం మీద చూడటం నా పని. పచ్చబడితే షుగరు వచ్చినట్టు. ఎమ్మెస్సీ చదివింది ఇందుకా అని మీ అత్తగారు అడిగితే ఏదైనా పెద్ద మాట చెప్పు.

రిపోర్టు వచ్చేదాకా సిద్ధుని పట్టిపట్టి చూడకు. భయం పిల్లలకి ఇట్టే తెలిసిపోతుంది.

నీ తమ్ముడు,
శంకర్

*

పెడన
జూన్ 23

శంకర్,

పట్టిపట్టి చూడకు అని ఎంత తేలిగ్గా రాశావురా. నేను రోజూ వాడు తాగే నీళ్ళ గ్లాసులు లెక్క పెడుతున్నాను. నిన్న తొమ్మిది. నిన్న ఎండ మండిపోయిందని నాకూ తెలుసు, అయినా తొమ్మిదో గ్లాసు వాడి నోటి దగ్గరే పట్టుకుని ఆపాను. వాడు దొడ్లోకి వెళ్తే తలుపు బయట నిలబడుతున్నాను. "అమ్మా, నేను పెద్దవాణ్ణయ్యాను" అని లోపల్నుంచి కసురుతున్నాడు.

కీర్తనప్పుడు ఇవేవీ చూసుకోలేదు కదా. పిల్ల నీళ్ళు తాగుతుంటే మంచిదే అనుకున్నాను. చిక్కిపోతుంటే పొడుగెదుగుతోందని మా అత్తగారంటే నేనూ తలూపాను. మచిలీపట్నం ఆస్పత్రిలో దాని నోటి దగ్గర పండిన పండు వాసన వచ్చింది చూడు, ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఇంట్లో మామిడిపళ్ళు ముగ్గబెడితే కూడా అటు వెళ్ళలేకపోతున్నాను.

మీ బావకి చెప్పలేదు. చెబితే "ఒకదాన్ని అలా చూసుకుంటున్నాం చాలదా, రెండోవాడి మీద కూడా అపశకునం మాటలెందుకు" అంటారు. ఆయన అద్దకం షెడ్డులోకి వెళ్ళి గట్టిగా అచ్చులు కొడుతుంటే కోపంగా ఉన్నారని ఊరంతా తెలుస్తుంది. కీర్తన సంగతే బయటికి రాకూడదని మా అత్తగారు ఇక్కడ మందులషాపులో కొననివ్వరు. ఆ షాపు మా చుట్టాలది. ఇక సిద్ధు మాట ఎత్తితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఒక మాట అడుగుతాను, నవ్వకు. ఆ రాని జాతి ఎలుకల్లో ఉన్నదేదో తీసి వచ్చే జాతికి ఎక్కించలేరా? మేము గుడ్డకి రంగు పట్టాలంటే ముందు కరక్కాయ నీళ్ళలో ముంచుతాం. ఆ ముంపు సరిగ్గా పడితే తర్వాత ఎన్ని ఉతుకులకైనా రంగు నిలుస్తుంది. పిల్లలకి అలాంటి ముందు ముంపు ఏదీ లేదా? ఉంటే నువ్వు తప్ప నాకెవరు చెబుతారు?

అక్క

*

పటమట
జులై 6

అక్కా,

వాన మొదలైంది. నిన్న బెంజి సర్కిల్ దగ్గర గంటసేపు ఇరుక్కుపోయాను. ఆటోవాడు ఇంజను ఆపేసి నాకు తన కాపురం కథంతా చెప్పాడు. భార్య పుట్టింటికి వెళ్ళిందట, తప్పు తనదేనట, ఒప్పుకోవడానికి మనసొప్పడం లేదట. దిగేటప్పుడు వెళ్ళి తెచ్చుకోమని సలహా ఇచ్చాను. నా సలహా ఎవరికి కావాలి గానీ. ఇంటికి వచ్చేసరికి చొక్కా తడిసి ముద్దయింది. కృష్ణలో నీళ్ళు బాగా దిగుతున్నాయట, మీ కాలవలకి ఈసారి ఇబ్బంది ఉండదు.

రిపోర్టు ఇంకా రాలేదు. ల్యాబులో మిషను పాడయిందట.

ముందు ముంపు అడిగావు. నవ్వలేదు. జన్యువు తీసి పిల్లలకి ఎక్కించడం కుదిరే పని కాదు, ఎలుకల్లో కూడా తరాల తరబడి జత కట్టించి తెచ్చుకోవాలి. కానీ నువ్వు అడిగినలాంటిదే ఎప్పుడో చేసి చూశారు. షుగరు వచ్చే జాతి పిల్లలకి ఇంకా రాకముందే రోజూ కొంచెం ఇన్సులిన్ ఇచ్చారు. చాలావాటికి రాలేదు. కాపలా కణాలకి ఇన్సులిన్ ముందే అలవాటైతే దాని మీదకి ఎగబడవేమో అని ఒక ఊహ. చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. కాబట్టి దారులు లేకపోలేదక్కా, వెతికేవాళ్ళున్నారు, నువ్వు ధైర్యంగా ఉండు.

సిద్ధుకి క్రికెట్ బ్యాటు కొన్నాను, ఈ పెట్టెలో పట్టలేదు.

శంకర్

*

పెడన
జులై 19

శంకర్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సగం పేజీ వాన, ఆటోవాడి పెళ్ళాం. రిపోర్టుకి రెండు ముక్కలు. చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చినప్పుడు కూడా నువ్వు ముందు బడిలో కోతి వచ్చిందని చెప్పేవాడివి. మిషను పాడైతే బాగు చేయించుకోరా వాళ్ళు?

సరే, రాలేదంటున్నావు కాబట్టి రాలేదనే అనుకుంటాను.

ఆ ఇన్సులిన్ ఇచ్చిన ఎలుకల సంగతి ఇంకొంచెం రాయి. ఎంత ఇచ్చారు? ఏ వయసులో మొదలుపెట్టారు? ఎన్నాళ్ళిచ్చారు? మానేశాక కూడా రాలేదా? ఊరికే తెలుసుకుందామని. మధ్యాహ్నం గుడ్డలకి రంగు అద్ది ఆరబెట్టాక నాకు పనుండదు, కూర్చుంటే ఆలోచనలు తినేస్తున్నాయి. దాని బదులు ఏదైనా చదువుకోవడం మంచిది కదా.

ఈసారి ఒక సీసా ఎక్కువ పంపు. చేయి జారి ఒకటి పగిలింది.

సిద్ధు కొంచెం చిక్కినట్టున్నాడు. మా అత్తగారు "ఆటల పిల్లాడు" అన్నారు. అదే మాట.

అక్క

*

పటమట
ఆగస్టు 2

అక్కా,

నాలుగు సీసాలు పెట్టాను. జాగ్రత్తగా తియ్యి.

నువ్వు అడిగినవి రాయాలని కూర్చుని చింపేశాను. ఎలుకకి చీమ తలకాయంత ఇచ్చినా అది ఎలుక లెక్క. మనుషులకి పనికొచ్చే మాట కాదు. నేను రాయకుండా ఉండాల్సింది. వదిలెయ్యి.

ఇక్కడ నా పరిస్థితి బాగాలేదు. రాని జాతి పెట్టెలో ఒక ఆడ ఎలుకకి కాగితం పచ్చబడింది. మళ్ళీ చూశాను, మళ్ళీ పచ్చే. ఛాయాదేవి మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీశారు. ఆవిడకి కోపం వచ్చినప్పుడు కళ్ళజోడుకి పని పెడతారు. రాని జాతికి వచ్చిందంటే మూడేళ్ళ పని గోదాట్లో కలిసినట్టు. లేకపోతే పెట్టెలు మార్చేటప్పుడు ఎవరో కార్డులు తారుమారు చేసినట్టు. "కార్డులు ఎవరు రాశారు?" అని అడిగారు. కిందటి నెల పెట్టెలు మార్చింది నేనే. తోక చివర ముక్క తీసి పరీక్షకి పంపారు, అది ఏ జాతిదో తేలుతుంది. రోజూ ఆ గదిలోకి వెళ్ళగానే కార్డులన్నీ మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నాను.

సిద్ధు రిపోర్టు సంగతి అడుగుతావని తెలుసు. ల్యాబువాళ్ళు శాంపిల్ పాడయిందంటున్నారు. దసరా సెలవుల్లో వచ్చినప్పుడు మళ్ళీ ఇద్దాం. తొందరేమీ లేదు.

శంకర్

*

పెడన
ఆగస్టు 17

శంకర్,

నువ్వు దిగులుపడకు. కార్డులే తారుమారయి ఉంటాయి. మా షెడ్డులో కూడా ఒకసారి రెండు మూటల మీద చీటీలు మారి, నల్ల అంచు పంపాల్సినచోటికి ఎర్ర అంచు వెళ్ళింది. మీ బావ రెండు రోజులు అన్నం తినలేదు. లోకం ఆగిపోలేదు.

శాంపిల్ పాడయితే పోనీలే. నాకు ఇప్పుడు ఆ కాగితం అక్కర్లేదు అనిపిస్తోంది. వచ్చేది ఉన్నా లేకపోయినా మన జాగ్రత్తలో మనం ఉంటే చాలు. పది రోజులుగా నాకు మనసు కుదుటపడింది. అద్దకం పని మళ్ళీ చేతికి వచ్చింది, నిన్న ఒక్కదాన్నే పన్నెండు దుప్పట్లు లెక్క చూసి మూట కట్టించాను.

సిద్ధు కూడా బాగున్నాడు. మునుపటిలా కాదు, ఆకలి ఆకలి అని అడిగి మరీ తింటున్నాడు. పొద్దున స్నానం చేయించి బడికి తయారు చేసేసరికి "అమ్మా, అన్నం" అని చేయి పట్టుకుని లాగుతున్నాడు. తినే పిల్లాణ్ణి చూస్తే ఎంత హాయిగా ఉంటుందో నీకేం తెలుసు. కాకపోతే ఈ ఉక్కకి చెమటలు ఎక్కువ పోస్తున్నాయి, మెడంతా తడిసిపోతోంది. కొంచెం చిరాకు కూడా. మధ్యలో ఊరికే ఏడుస్తాడు, పెట్టగానే ఊరుకుంటాడు.

ఇంకో సీసా ఎక్కువే పంపు. కీర్తనకి డోసు కొంచెం పెంచారు.

అక్క

*

పెడన
ఆగస్టు 24

మావయ్యా,

నేను కీర్తనని. పెట్టె నేనే సర్దుతానని అమ్మకి చెప్పి దీన్ని అడుగున పెట్టాను. ఫోను అమ్మ తన దగ్గరే పెట్టుకుంటోంది, నన్ను ముట్టుకోనివ్వడం లేదు.

ఇవాళ పొద్దున తమ్ముడు టిఫిన్ తినకుండా పడిపోయాడు. కళ్ళు పైకి వెళ్ళిపోయాయి. ఒళ్ళంతా చెమట, చేతులు కొట్టుకున్నాయి. నాయనమ్మ నిమ్మకాయ తెమ్మని అరిచింది. నాకు షుగరు డౌన్ అయితే అలాగే ఉంటుంది మావయ్యా, లోపల ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను పంచదార తడిపి వాడి బుగ్గ లోపల రాశాను. కొంచెం కొంచెం రాస్తూనే ఉన్నాను. లేచాడు. నన్ను చూసి "అక్కా, వాంతొస్తోంది" అన్నాడు.

అందరూ ఎండకి అన్నారు. కానీ ఇవాళ మబ్బుగా ఉంది.

మొన్న నేను చూశాను. అమ్మ స్నానాల గదిలో తమ్ముడి తొడకి నా మందు వేసింది. వాడు ఏడవకుండా చేతిలో బిస్కెట్ పెట్టింది. నన్ను చూసి ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. వాడికి షుగరు లేదు కదా మావయ్యా? లేనివాళ్ళకి వేస్తే చచ్చిపోతారని డాక్టరుగారు నాకు చెప్పారు. రేపు మళ్ళీ వేస్తుందేమో. నువ్వు వెంటనే రా.

కీర్తన

*

పటమట
ఆగస్టు 27

అక్కా,

మొన్న పెట్టె తీసి కీర్తన చీటీ చూశాక బస్టాండులోనే నీకు ఫోను చేసి అరిచాను. అక్కడ ఎంతమంది నన్ను చూశారో తెలియదు. ఆ పూటే పెడన వచ్చాను, సీసాలన్నీ తాళం వేసే డబ్బాలో పెట్టి మళ్ళీ ఫ్రిజ్‌లోనే ఉంచి, తాళంచెవి కీర్తన చేతికిచ్చాను. బావ ముందు, మీ అత్తగారి ముందు నిన్ను అనకూడని మాటలన్నాను.  సిద్ధుని ఒళ్ళో పెట్టుకుని వాడి మెడ వాసన చూస్తూ కూర్చున్నావు. అది గుర్తొస్తే నాకు అన్నం దిగడం లేదు.

అక్కడ చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. ల్యాబులో మిషను పాడవలేదు. శాంపిలూ పాడవలేదు. సిద్ధు రిపోర్టు జులై రెండునే వచ్చింది. ఈ జబ్బు గుర్తులు వెతికే నాలుగు పరీక్షల్లో రెండింటిలో ఉన్నాయని వచ్చింది. అంటే వాడి ఒంట్లో కాపలా కణాలు తిరగబడటం మొదలైంది. షుగరు ఇంకా రాలేదు, ఇవాళ వాడు మామూలు పిల్లాడే. కానీ ఇలా రెండు గుర్తులు ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి ముందో వెనకో వస్తుంది. ఏడాదికా, పదేళ్ళకా ఎవరూ చెప్పలేరు.

నేను భయపడ్డానక్కా. ఫోనులో ఆ కాగితం తెరిచినప్పుడు నేను ఎలుకల గదిలో ఉన్నాను. రోజూ చూసేదే, పచ్చబడిన కాగితం చూసి పుస్తకంలో రాసి పక్క పెట్టెకి వెళ్ళిపోతాను. ఆ రోజు పక్క పెట్టెకి వెళ్ళలేకపోయాను. నీకు చెప్పాల్సి వస్తుందని మూడు అబద్ధాలు రాశాను. అబద్ధం రాయడానికి సిగ్గేసి, దాని పక్కన ఏదో ఒక మంచి కబురు పెట్టాలని ఆ ఇన్సులిన్ ఎలుకల కథ రాశాను. నిన్ను ఊరడించడానికి కాదు, నన్ను నేను ఊరడించుకోవడానికి రాశాను.

ఆ కథలో నేను రాయనిది ఇప్పుడు రాస్తాను. ఎలుకల్లో పనిచేసింది నిజమే. తర్వాత మనుషుల్లో చేసి చూశారు, సిద్ధులాంటి పిల్లల మీదే, పెద్ద డాక్టర్ల చేతుల్లో, ఏళ్ళ తరబడి. ఆపలేకపోయింది. ఇచ్చినవాళ్ళకీ ఇవ్వనివాళ్ళకీ ఒకేలా వచ్చింది. ఇది నాకు ఆ రోజే తెలుసు. ఆ రెండు ముక్కలు రాసి ఉంటే నువ్వు సూది పట్టుకునేదానివి కాదు.

నువ్వు ఒప్పుకునే నిజం ఒక్కటే నా దగ్గర ఉంది. మా షుగరు జాతి ఎలుకలన్నీ ఒకే అచ్చు. ఒకే జన్యువులు, ఒకే గింజలు, ఒకే గది, ఒకే నీళ్ళు. అయినా ఆడవాటిలో అయిదో ఎలుకకి రాదు. ముసలిదై చచ్చిపోతుంది, కాగితం రంగు మారదు. ఎందుకో మాకు తెలియదు. మేడమ్‌కీ తెలియదు. సిద్ధు ఆ అయిదో ఎలుక అవుతాడని నేను అనను. అవ్వచ్చు అని మాత్రం అనగలను. ఇంతకంటే ఎక్కువ చెబితే మళ్ళీ అబద్ధమే.

నన్ను తిట్టు. జవాబు మాత్రం రాయి.

శంకర్

*

పెడన
సెప్టెంబరు 6

శంకర్,

తిట్టాలనే కూర్చున్నాను. రెండు కాగితాలు తిట్లు రాసి పొయ్యిలో వేశాను. అందులో కొన్ని బాగా కుదిరాయి కూడా.

నువ్వు ఎందుకు దాచావో నాకు తెలుసు. దాచావని కూడా నాకు జులైలోనే తెలుసు. వాన గురించి అంత రాసినప్పుడే రిపోర్టు వచ్చిందనీ, మంచిది కాదనీ అర్థమైంది. నిన్ను నిలదీసి ఉండొచ్చు. నిలదీస్తే నువ్వు చెప్పేస్తావు. చెప్పేస్తే అది నిజమైపోతుంది. అందుకని అడగలేదు. అడగకుండా నా అంతట నేను వైద్యం మొదలుపెట్టాను. కాబట్టి ఈ పాపం సగం సగం పంచుకుందాం, నువ్వొక్కడివే మోసుకెళ్ళకు.

ఎలా చేశానో నీకు చెప్పాలి, లేకపోతే నన్ను పిచ్చిదాన్ని అనుకుంటావు. కొత్త రంగు కలిపితే మేము గుడ్డ ముంచం. ముందు ఒక పీలిక ముంచి, ఆరబెట్టి, ఉతికి చూస్తాం. పీలిక చెడకపోతే అప్పుడు గుడ్డ. పాతికేళ్ళుగా చేస్తున్న పని, ఏనాడూ మోసపోలేదు. అలాగే ముందు నాకు నేను వేసుకున్నాను. సూదిలో ఒక్క గీత. ఏమీ కాలేదు. మర్నాడు రెండు గీతలు. కొంచెం ఆకలేసింది, అంతే. పీలిక బాగానే ఉంది అనుకున్నాను. నా అరవై కిలోలూ, వాడి పదహారు కిలోలూ ఒకే గుడ్డ కాదని తట్టలేదు. రెండు వారాల పైనే వాడికి ఒక్క గీతే వేశాను. వాడు ఆకలని అడుగుతుంటే బలం పడుతోందని మురిసిపోయాను. నీకు రాశాను కూడా, తినే పిల్లాణ్ణి చూస్తే హాయి అని. ఆ వాక్యం ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వడం లేదు. పడిపోయిన రోజు రెండు గీతలు వేశాను.

కీర్తన లేకపోతే ఏమయ్యేదో నేను ఆలోచించలేను. ఆలోచన అక్కడిదాకా వెళ్ళి ఆగిపోతుంది.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. అచ్చులు కొట్టలేదు. షెడ్డుకే వెళ్ళలేదు. మా అత్తగారు, "నా చెల్లెలు చౌడమ్మ పదకొండో ఏట ఎండుకుపోయి పోయింది. నీళ్ళు నీళ్ళు అని అడిగేది. దయ్యం పట్టిందన్నారు" అన్నారు. ఇన్నేళ్ళుగా ఆ చెల్లెలి పేరే ఆవిడ నోట వినలేదు. కీర్తన సంగతి దాచమన్నది పరువు కోసం అనుకున్నాను. ఆవిడకి భయం, తన వైపు నుంచి వచ్చిందని ఎవరైనా అంటారేమోనని. మర్నాడు తనే మందులషాపుకి వెళ్ళి "మా మనవరాలికి షుగరు, ఇన్సులిన్ తెప్పించి పెట్టు" అని అందరి ముందూ చెప్పి వచ్చారు.

కీర్తన విషయం ఒకటి చెప్పి ఆపేస్తాను. తమ్ముడికి కూడా రావచ్చని దానికి చెప్పాం. దానికే ముందు చెప్పాలనిపించింది. విని, "వాడికీ వస్తే నేను ఒక్కదాన్నే కాను కదా" అంది. తర్వాత ఆ మాట అన్నందుకు సాయంత్రం దాకా ఏడ్చింది. నేను దగ్గరకి తీసుకుని, "నాకూ అలాంటివి చాలా అనిపిస్తాయి తల్లీ, నేను చేసినదాని ముందు నీది ఎంత" అన్నాను.

నాగవేణి అక్క

*

పటమట
సెప్టెంబరు 21

అక్కా,

నీ ఉత్తరం చదివి మేడమ్ దగ్గరికి వెళ్ళి, ఆ కార్డులు మార్చింది నేనేనని చెప్పాను. తోక పరీక్ష కూడా అదే చెప్పింది. ఆ జబ్బు ఎలుక షుగరు జాతిదే. రిపోర్టు వచ్చిన తర్వాత రెండో రోజు పెట్టెలు కడిగి కార్డులు తిరిగి తగిలించేటప్పుడు నా చేతులే తారుమారు చేశాయి. రాని జాతికి ఏమీ కాలేదు. మేడమ్ కళ్ళజోడు తుడవలేదు. "మీ మేనల్లుడికి ఎన్నేళ్ళు?" అని అడిగి, విజయవాడలో పిల్లల షుగరు డాక్టరుగారికి ఆవిడే ఫోను చేశారు. నన్ను నెల రోజులు పెట్టెల జోలికి వెళ్ళొద్దన్నారు.

డాక్టరుగారు చెప్పింది రాస్తున్నాను, అలాగే చెయ్యండి. ప్రతి ఆదివారం పొద్దున ఏమీ తినకముందు సిద్ధు వేలు గుచ్చి మీటరు చూడాలి. వంద లోపు ఉంటే మంచిది. వంద దాటితే మర్నాడు మళ్ళీ చూడాలి. రెండుసార్లు దాటితే బయల్దేరి రావాలి. జబ్బు రాకని కొన్నాళ్ళు వెనక్కి నెట్టే మందు ఒకటి బయటి దేశాల్లో వచ్చిందట, అది కూడా ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకి. దాని కోసం ఆశ పెంచుకోవద్దన్నారు, వదులుకోవద్దని కూడా అన్నారు.

ఎంత వచ్చినా నాకు రాయి. నేనూ ఏది తెలిసినా రాస్తాను.

శంకర్

*

పెడన
నవంబరు 17, సోమవారం

శంకర్,

ఎనిమిది ఆదివారాలు గడిచాయి. ఏడు ఆదివారాలు వందలోపే. నీకు తెలుసు, ప్రతిసారీ రాశాను.

కీర్తనే గుచ్చుతుంది. నా చేతులు నేను నమ్మను. అది తన వేలు గుచ్చుకుని, తర్వాత వాడిది గుచ్చుతుంది. అలా అయితే వాడు ఏడవడు. మీ బావ తలుపు దగ్గర నిలబడతారు, మా అత్తగారు దేవుడి గదిలోంచి బయటికి రారు, నేను కళ్ళు మూసుకుంటాను. వాడికి ఇదంతా ఆట. ఎవరిది తక్కువ వస్తే వాళ్ళు గెలిచినట్టని కీర్తనే నేర్పింది, గుచ్చించుకుంటాడని. పాపం అది ప్రతివారం ఓడిపోతుంది.

నిన్న మీటరు కూసింది.  నేను కళ్ళు తెరవలేదు. వాడే అంకెలు కూడబలుక్కుని గట్టిగా చదివాడు. "నూట పద్దెనిమిది! అక్కది నూట అరవై! నేనే గెలిచాను, మళ్ళీ నేనే!" అని మంచం మీద గెంతాడు. నా మెడ పట్టుకుని, "అమ్మా, చప్పట్లు కొట్టవేం?" అన్నాడు.

ఇవాళ పొద్దున మళ్ళీ చూశాం. నూట ఇరవై రెండు. చేతులు కడిగించి, వేరే వేలు గుచ్చించి ఇంకోసారి చూసింది కీర్తన. అదే.

దీనర్థం ఏమిటో నాకు నువ్వు చెప్పనక్కర్లేదు. తక్కువ చేసి రాయకు, ఎక్కువ చేసి భయపడకు. మధ్యాహ్నం బస్సుకి మేము నలుగురం బయల్దేరుతున్నాం, ఉత్తరం కూడా నాతోనే వస్తోంది, నీ చేతికిస్తాను. నోటితో చెప్పలేనని రాసుకుంటున్నాను. డాక్టరుగారి దగ్గర టోకెను తీసుకుని ఉంచమని మీ బావ నీకు ఫోను చేస్తున్నారు, స్పీకరు పెట్టే.

నిన్న వాడు అడిగితే నేను చప్పట్లు కొట్టానురా శంకర్. "గెలిచావు నాన్నా" అన్నాను. చాలాసేపు కొట్టాను. వాడు చాలని చెప్పేదాకా కొడుతూనే ఉన్నాను.

అక్క